థంబ్ మెషీన్‌కి దొడ్డిదారి

కంప్యూటర్‌కి తగిలించిన పరికరంతో వెబ్‌సైట్ నేరుగా మాట్లాడొచ్చా, కూడదా అని గూగుల్, యాపిల్, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాయి. ఆ వాదన తేలేదాకా మనవాళ్లు ఆగలేదు. ఆధార్ ఈకేవైసీ చేసే సెంటర్లో బ్రౌజర్ తెరిచి కస్టమర్ చేత థంబ్ వేయిస్తున్నారు. ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో యూఎస్‌బీ టోకెన్ పెట్టి, జీఎస్టీ పోర్టల్లో కంపెనీ రిటర్న్ మీద డిజిటల్ సంతకం చేస్తున్నారు. బ్రౌజర్ హార్డ్‌వేర్‌ని ముట్టుకోవడం మన దగ్గర రోజూ జరిగే పనే. కాకపోతే దొడ్డిదారిన జరుగుతోంది.

థంబ్ మెషీన్ కొంటే దాంతోపాటు ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రామ్ వేసుకోవాలి. అది కంప్యూటర్లో తెర వెనక ఓ చిన్న వెబ్ సర్వర్‌లా నడుస్తుంటుంది. వేలిముద్ర కావాల్సిన పేజీ 127.0.0.1కి, అంటే తాను తెరుచుకున్న అదే కంప్యూటర్‌కి, కబురు పెడుతుంది. 11100వ పోర్టు (ప్రోగ్రామ్ పిలుపు వినే తలుపు నంబరు) దగ్గర మొదలుపెట్టి 11120 దాకా ఒక్కొక్కటీ అడుగుతూ పోతుంది. ఎక్కడో ఒకచోట ఆర్‌డీ సర్వీస్ పలుకుతుంది. అప్పుడు క్యాప్చర్ ఆదేశం వెళ్లి మెషీన్‌లో లైటు వెలుగుతుంది. వేలిముద్రకి ఆధార్ సంస్థ యూఐడీఏఐ తాళం వేశాకే బయటికి పంపుతారు కాబట్టి మధ్యలో ఉన్న పేజీ దాన్ని చదవలేదు. ఆ మేరకు డిజైన్ మంచిదే. జీఎస్టీ సంతకానికి వాడే ఎంసైనర్ కూడా ఇలా కంప్యూటర్లో కూర్చుని బ్రౌజర్ పిలుపు కోసం చూసే ప్రోగ్రామే. రిటర్న్ గడువైన 20వ తేదీ రాత్రి అది పలకకపోతే కలిగే టెన్షన్ అకౌంటెంట్లని అడిగితే చెబుతారు.

ఈ దారి ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు ఈ పనులన్నీ బ్రౌజర్ లోపల నడిచే జావా ఆప్లెట్లూ, యాక్టివ్‌ఎక్స్‌లూ అనే చిన్న ప్రోగ్రామ్‌లు చేసేవి. వాటిలో భద్రతా లోపాలు ఎక్కువయ్యాయి. 2015లో క్రోమ్ జావా ఆప్లెట్లు నడిచే పాత ప్లగిన్ల పద్ధతిని పూర్తిగా తీసిపారేసింది. పని మాత్రం ఆగదు కదా. అందుకే ఎవరి హెల్పర్ ప్రోగ్రామ్ వాళ్లు రాసుకున్నారు.

వీటితో చిక్కేమిటంటే, కంప్యూటర్లో తలుపు తీసుకుని కూర్చున్న ప్రోగ్రామ్‌ని ఏ వెబ్ పేజీ అయినా తట్టి చూడగలదు. జవాబివ్వాలా వద్దా అన్నది ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ల జాగ్రత్త మీద ఆధారపడింది. 2019లో మ్యాక్ కంప్యూటర్లలో జూమ్ ఇలాంటి సర్వర్నే పెట్టిందని బయటపడింది. యాప్ తీసేసినా అది అక్కడే ఉండి, ఓ లింక్ నొక్కితే జూమ్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేసేది. చివరికి యాపిల్ కల్పించుకుని దాన్ని తొలగించాల్సి వచ్చింది. 2025 జూన్‌లో బయటికొచ్చింది ఇంకా ఘోరం. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లు ఇలాగే లోపల కాచుకుని ఉండి, బ్రౌజర్లో మనం చూసే సైట్లలోని మెటా ట్రాకింగ్ కోడ్ నుంచి గుర్తింపు సమాచారం అందుకునేవి. ఈ రెండు సందర్భాల్లోనూ బ్రౌజర్ మనల్ని ఒక్క మాట అడగలేదు.

వెబ్ పేజీ బ్రౌజర్ ద్వారానే యూఎస్‌బీ పరికరంతో మాట్లాడేలా గూగుల్ తెచ్చిన వెబ్‌యూఎస్‌బీ దీనికి పూర్తిగా వేరే దారి. 2017లో క్రోమ్‌లోకి వచ్చింది. దాని తోబుట్టువులు వెబ్ సీరియల్, వెబ్‌హెచ్‌ఐడీ 2021లో వచ్చాయి. ఇక్కడ పేజీ దానంతటది పరికరాన్ని వెతకలేదు. ముందు మనం ఓ బటన్ నొక్కాలి, బ్రౌజర్ జాబితా చూపించాలి, అందులోంచి ఒక పరికరాన్ని మనమే ఎంచుకోవాలి. మిగతావి ఉన్నాయని కూడా ఆ సైట్‌కి తెలియదు. సురక్షితమైన హెచ్‌టీటీపీఎస్ సైట్లకే ఈ సౌకర్యం. పిక్సెల్ ఫోన్‌లో ఆండ్రాయిడ్ మళ్లీ వేయడానికీ, బడిపిల్లల మైక్రోబిట్ బోర్డులోకి ప్రోగ్రామ్ ఎక్కించడానికీ దీన్ని వాడుతున్నారు. ఈఎస్‌పీ32 అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో ప్రాజెక్టు చేసే ఇంజనీరింగ్ విద్యార్థికి వెబ్ సీరియల్ ఉంటే వేరే సాఫ్ట్‌వేర్ లేకుండానే పని అయిపోతుంది.

యాపిల్ 2020లో ఇలాంటి పదహారు సౌకర్యాలు తన బ్రౌజర్ సఫారీలో పెట్టనని చెప్పేసింది. పరికరాల వివరాలు పట్టుకుని మనిషిని ఆనవాలు కడతారన్నది దాని అభ్యంతరం. యాప్ స్టోర్ లాభాలు కూడా అడ్డుపడ్డాయేమో అని నాకు అనుమానం. మొజిల్లా చెప్పిన కారణం దీనికన్నా గట్టిది. నమ్మకమైన సాఫ్ట్‌వేరే మాట్లాడుతుందన్న లెక్కతో తయారైన పరికరాలను ఊరూ పేరూ లేని వెబ్ పేజీల చేతికి ఇవ్వడం ప్రమాదమని దాని వాదన.

అది ఊహ కాదని 2018లోనే రుజువైంది. లాగిన్‌కి వాడే యూబీకీ లాంటి యూఎస్‌బీ భద్రతా తాళం ఏ సైట్‌కి సంతకం చేస్తోందో బ్రౌజరే దానికి చెబుతుంది. దొంగ సైట్ పప్పులు ఉడకనిది అందుకే. ఇద్దరు పరిశోధకులు వెబ్‌యూఎస్‌బీతో బ్రౌజర్‌ని తప్పించి, యూబీకీ నియో అనే మోడల్‌తో పేజీయే నేరుగా మాట్లాడేలా చేసి చూపించారు. ఇక పేజీ ఏ సైట్ పేరు చెబితే తాళం దాన్నే నమ్మింది. క్రోమ్ ఒక మార్గాన్ని మూసి, అదే పరికరంలో ఉన్న స్మార్ట్ కార్డ్ మార్గాన్ని మర్చిపోయింది. ఆ తర్వాత దాన్నీ మూశారు. మన డిజిటల్ సంతకం టోకెన్లు చాలామటుకు ఆ స్మార్ట్ కార్డ్ జాతివే. కాబట్టి వెబ్‌యూఎస్‌బీ వస్తే ఎంసైనర్ బాధ తీరిపోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు.

అయినా నా ఓటు గూగుల్ వైపే, కొంచెం గొణుక్కుంటూ. మొజిల్లా చూపించిన ప్రమాదం నిజమే. కానీ బ్రౌజర్ ఒప్పుకోకపోతే జనం హెల్పర్ ప్రోగ్రామ్ వేసుకుంటారు, దానికి కంప్యూటర్లో బ్రౌజర్ పేజీకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ అధికారాలు ఉంటాయి. ఇందులో ఏది భద్రమో మొజిల్లా సూటిగా చెప్పడం లేదు.

2025 చివర్లో క్రోమ్ ఈ దొడ్డిదారికి కూడా కాపలా పెట్టింది. బయటి సైట్ లోకల్ పోర్టుని పిలవబోతే మన అనుమతి అడుగుతోంది. మంచిదే. కానీ ఆ ప్రశ్న మొదట్లో ఎలా ఉండేదో చూడండి: మీ లోకల్ నెట్‌వర్క్‌లో ఏ పరికరాన్నయినా వెతికి కనెక్ట్ కావచ్చా అని! వెబ్‌యూఎస్‌బీ మనం ఎంచుకున్న ఒక్క పరికరానికే అనుమతి అడుగుతుంది, ఇది మొత్తం ఇంటికి అనుమతి కోరింది. కౌంటర్ దగ్గర లైన్ పెరుగుతుంటే ఆపరేటర్ ఏం చేస్తాడు? బ్లాక్ కొడితే థంబ్ పడదు. అందుకని అలౌ కొడతాడు, తర్వాత వచ్చే ప్రతి సైట్‌కీ అదే అలవాటవుతుంది.

దీనికి మందు కొంత మన చేతుల్లోనే ఉంది. ఏ సైట్ నుంచి పిలుపు వచ్చిందో బ్రౌజర్ చాలా సందర్భాల్లో హెల్పర్ ప్రోగ్రామ్‌కి చెబుతూనే ఉంటుంది. నమోదైన సైట్లకు తప్ప జవాబివ్వకూడదని యూఐడీఏఐ, సంతకం టోకెన్ల విషయంలో కేంద్ర నియంత్రణ సంస్థ సీసీఏ షరతు పెట్టొచ్చు. అందుకు గూగుల్, యాపిల్‌ల తగువు తేలేదాకా ఆగనక్కర్లేదు.