అబూ సింబెల్‌లో కొలువైన రామ్సెస్ గారికి

ఈజిప్టు ప్రాచీన చక్రవర్తి మహారాజశ్రీ రెండవ రామ్సెస్ గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. దాదాపు 3,250 ఏళ్లుగా అబూ సింబెల్ గుడి ముందు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చునే ఉన్నారు. అది కూడా ఒక్కరు కాదు, నలుగురు మీరే! ఒక్కో విగ్రహం సుమారు 20 మీటర్లు. పుట్టినరోజుకి చౌరస్తాలో నాలుగు దిక్కులా ఫ్లెక్సీలు కట్టించుకునే మా నాయకులు మీ దగ్గరే ట్రైనింగ్ తీసుకోవాలి. పాపం, వాళ్లవి మొదటి గాలివానకే చిరిగిపోతాయి.

లోపల గోడ నిండా కాదేశ్ యుద్ధం. మీరు రథమెక్కి, విల్లు లాగి, ఒంటిచేత్తో హిట్టైట్లను (ఇప్పటి టర్కీ వైపు ఏలిన మీ శత్రువులను) తరిమేస్తున్నారు. చూడ్డానికి ఎంత బాగుందో! జరిగింది మాత్రం ఇది: శత్రువు ఇంకా చాలా దూరంలో ఉన్నాడని ఇద్దరు దొంగ వేగులు చెబితే నమ్మేశారు, తిన్నగా వలలోకి నడిచారు, చావు తప్పి బయటపడ్డారు. కాదేశ్ నగరం చేతికి రానేలేదు. సుమారు 15 ఏళ్ల తర్వాత అదే హిట్టైట్లతో సంధి చేసుకున్నారు. అయినా ఆ గెలుపును కర్నాక్, లక్సోర్, అబీడోస్ గుళ్లలో కూడా చెక్కించారు. హిట్టైట్ల రాజధానిలో దొరికిన మట్టి పలకలు మరో కథ చెబుతున్నాయి. అనువాదం పంపమంటారా?

గర్భగుడి సంగతి సరేసరి. ముగ్గురు దేవుళ్ల మధ్య మీరూ ఒక పీట వేయించుకున్నారు. ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న పొద్దున్నే ఎండ ఆ చివరి గదిదాకా వచ్చి మీ ముఖం మీద పడుతుంది. పాపం ప్తా దేవుడు మాత్రం చీకట్లోనే ఉండిపోతాడు. దేవుడికే లేని వీఐపీ దర్శనం మీకు దొరికింది. అవి మీ పుట్టినరోజూ పట్టాభిషేకం రోజూ అని గైడ్లు చెబుతారు. ఆధారం అడిగితే మాట మారుస్తారు.

ఒక్క విషయంలో మెచ్చుకోక తప్పదు. పక్క గుడిలో రాణి నెఫెర్తారికి మీతో సమానమైన ఎత్తు ఇచ్చారు. ఆ కాలానికి అది చిన్న మాట కాదు. కాకపోతే ఆవిడ గుడి ముందున్న ఆరు విగ్రహాల్లో నాలుగు మీవే.

మీ మీదా కాలం చెయ్యి చేసుకుంది లెండి. గ్రీకు కిరాయి సైనికులు మీ కాలి మీదే పేర్లు గీకి వెళ్లారు. 1813లో స్విస్ యాత్రికుడు బర్క్‌హార్ట్ చూసేసరికి ఇసుక మిమ్మల్ని దాదాపు ముంచేసింది. తర్వాత నీళ్ల వంతు. నైలు నది మీద అస్వాన్ హైడ్యామ్ కడితే మీరు మునిగిపోతారని యునెస్కో 1960లో లోకాన్ని పిలిచింది. మా దేశం నుంచి కూడా పురావస్తు శాస్త్రవేత్త బి.బి.లాల్ బృందం నూబియాకు, అంటే మీ గుడి ఉన్న ఆ నైలు ప్రాంతానికి వెళ్లి తవ్వకాలు జరిపింది. 1964 నుంచి 1968 దాకా మిమ్మల్ని వెయ్యికి పైగా ముక్కలుగా కోసి, ముక్క ముక్కకూ నంబరు వేసి, 60 మీటర్లకు పైగా ఎత్తుకు చేర్చి మళ్లీ అతికించారు. మీ వెనక కొండ ఉందనుకుంటున్నారేమో, దాని లోపల కాంక్రీటు గుమ్మటం. ఎప్పుడో భూకంపంలో విరిగిపడ్డ రెండో విగ్రహం ముక్కలను సైతం అవి పడి ఉన్నట్టే మీ కాళ్ల దగ్గర పేర్చారు. అంత శ్రద్ధ!

అదే ఏళ్లలో అదే నీళ్లు ఈజిప్టు వైపున సుమారు 50,000 మంది నూబియన్లను ఊళ్లొదిలి పొమ్మన్నాయి. వాళ్లను నది ఒడ్డు నుంచి తీసుకెళ్లి కోమ్ ఒంబో పట్టణం దగ్గర సర్కారీ ఇళ్లలో దించారు. వాళ్ల ఇళ్లకు నంబర్లు వేసి ఎత్తుకెళ్లాలని ఎవరికీ తట్టలేదు. అవి మట్టి ఇళ్లు, మీది రాతి గుడి. తప్పు వాళ్లదే అయి ఉండాలి.

ఈ లెక్క మాకు కొత్తేం కాదు. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో కట్టారు. మంచి పనే. ముంపు ఊళ్ల జనం మాత్రం పరిహారం కోసం, ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు.

నూబియన్లను పాత చోట్లకు తిరిగి చేర్చే ప్రాజెక్టులను పదేళ్లలో చేపడతామని ఈజిప్టు 2014 రాజ్యాంగం 236వ అధికరణంలో రాసుకుంది. పదేళ్లూ దాటిపోయాయి. మీకు తెలిసిన అధికారులెవరైనా ఉంటే ఫైలు ఎక్కడ ఆగిందో కాస్త కనుక్కోండి. కుదరకపోతే ఫర్వాలేదు. పని అయిపోయిందని మాత్రం గోడ మీద చెక్కించకండి.

ఇట్లు,
ఇంత రాశాక కూడా ఫిబ్రవరికి టికెట్లు వెతుక్కుంటున్న
మీ అభిమాని