ఆ మృదంగం మోత కాస్త తగ్గించండి

కర్ణాటక కచేరీ పెద్ద ఆడిటోరియం కోసం పుట్టింది కాదు. పాట, వయొలిన్, మృదంగం, తంబూరా, ఎదురుగా దగ్గరగా కూర్చున్న కొద్దిమంది శ్రోతలు. ఈమధ్య ఏ రికార్డింగు పెట్టినా ఆ దగ్గరితనమే ఉండటం లేదు.

ముందు మృదంగం సంగతి. ఎడమవైపు తొప్పికి, అంటే బేస్ పలికే ముఖానికి, మైకు ఆనించినట్టు పెడతారు. ఒక దిశ నుంచే వినే మైకుని అంత దగ్గర పెడితే బేస్ దానంతటదే పెరుగుతుంది. అది చాలనట్టు మిక్సర్‌లో ఇంకాస్త పెంచుతారు! ఆ మోతలో గాయకుడి మంద్రస్థాయి మునిగిపోతుంది. వయొలిన్‌కి పికప్ (వాద్యానికే అంటించే మైకులాంటిది) తగిలిస్తే కమాను గీకుడు వినిపిస్తుందే తప్ప చెక్క పలికే వెచ్చదనం రాదు. ఇక గొంతు మీద ఎకో. త్యాగరాజ కృతిలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి, తెలుగువాళ్లకే సాహిత్యం అర్థం కాకపోతే కోపం రాదా?

రికార్డింగు చేసేవాళ్లని అడిగితే "మిక్సింగ్‌లో సరిచేస్తామండీ" అంటారు. మైకు పట్టుకోని నాదాన్ని మిక్సింగ్ ఎక్కణ్ణించి తెస్తుంది? మంచి మైకుల జత ఒకటి కళాకారుల ఎదురుగా కొన్ని అడుగుల దూరంలో పెట్టండి. ప్రధానంగా దాన్నే తీసుకుని, దగ్గరి మైకుల్ని సాయానికి మాత్రమే కలపండి. స్టేజి మీద కళాకారులు తమ పాట తాము వినడానికి పెట్టే మానిటర్ స్పీకర్ల హోరు తగ్గించండి, లేకపోతే అదంతా మైకుల్లోకే వస్తుంది. తంబూరాని కూడా కాస్త వినపడనివ్వండి, దయచేసి.