డోవర్ క్యూలకి ఫ్రాన్స్‌ని తిడితే లాభం లేదు

సెలవులు మొదలైతే చాలు, ఇంగ్లండ్‌లో ఫ్రాన్స్‌కి ఫెర్రీలు వెళ్లే డోవర్ పోర్టు వార్తల్లోకి ఎక్కుతుంది. పోర్టుకి దిగే రోడ్డు మీద కార్లు, కోచ్‌లు బారులు తీరి ఉంటాయి, వెనక సీట్లో పిల్లలు విసిగిపోయి ఏడుస్తుంటారు, మంచినీళ్లు అయిపోయాయనీ టాయిలెట్ లేదనీ జనం ఫోన్లో వీడియోలు పెడుతుంటారు, సాయంత్రానికి ఎవరో ఒక మంత్రి టీవీలో కనిపించి తప్పు ఫ్రాన్స్‌దనో వాతావరణానిదనో చెప్పి వెళ్లిపోతారు. క్యూ బాధ ఒక ఎత్తు, ఈ మాటలు ఒక ఎత్తు. గంటల తరబడి జనాన్ని రోడ్డు మీద నిలబెట్టి, ఎందుకు నిలబడాల్సి వచ్చిందో కూడా నిజం చెప్పకపోవడం నాకు అసలు మింగుడుపడదు.

బ్రిటన్ ఎప్పుడూ షెంజెన్‌లో (పాస్‌పోర్టు తనిఖీ లేకుండా తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) లేదు, పాస్‌పోర్టు అప్పుడూ చూపించారు, ఇప్పుడూ చూపిస్తున్నారు, కాబట్టి క్యూకీ బ్రెగ్జిట్‌కీ, అంటే యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బ్రిటన్ బయటికి రావడానికీ, సంబంధం లేదు అని కొందరు గట్టిగా వాదిస్తారు. మొదటి ముక్క నిజమే. కానీ అసలు తేడా అంతా ఆ కౌంటర్ దగ్గరే ఉంది. ఈయూలో ఉన్నన్నాళ్లూ డోవర్‌లోనే కూర్చుని తనిఖీ చేసే ఫ్రెంచ్ అధికారి చేయాల్సిన పని చాలా తక్కువ. ఫొటోలో ఉన్నదీ ఎదురుగా ఉన్నదీ ఒకరేనా, పాస్‌పోర్టు అసలుదేనా అని చూసి వెనక్కి ఇచ్చేయడమే. బ్రెగ్జిట్ తర్వాత పాత నిబంధనలే కొనసాగిన గడువు 2020 డిసెంబర్ 31తో తీరిపోయింది. ఇప్పుడు ఆయన దృష్టిలో బ్రిటిష్ పౌరుడు బయటి దేశస్థుడు. స్టాంపుల స్థానంలో కంప్యూటర్ వ్యవస్థ వచ్చేదాకా ఆయన పని ఇదీ: పాస్‌పోర్టు పేజీలు తిప్పి పాత స్టాంపులు వెతకాలి, గత 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉన్నాడా లెక్కేయాలి, పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్లు దాటిందా, తిరిగి వెళ్లే రోజు తర్వాత ఇంకా మూడు నెలలైనా గడువు ఉందా చూడాలి, అనుమానం వస్తే ఎక్కడ దిగుతున్నావు, ఖర్చులకి డబ్బులున్నాయా, రిటర్న్ టికెట్ ఏది అని అడగాలి, అన్నీ అయ్యాక ఖాళీ చోటు చూసి స్టాంప్ కొట్టాలి.

ఈ పదేళ్ల రూల్ చాలామందిని ఎయిర్‌పోర్టులోనే దెబ్బకొట్టింది. 2018 సెప్టెంబర్ వరకు బ్రిటన్‌లో పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుంటే పాతదాంట్లో మిగిలిన నెలలు, గరిష్ఠంగా తొమ్మిది, కొత్తదానికి కలిపేవారు. అంటే పాస్‌పోర్టు మీద అచ్చేసిన గడువు తేదీ ఇంకా రాకపోయినా, పదేళ్ల లెక్కలో అది ఈయూకి చెల్లదు. గడువు తేదీ చూసుకుని ధీమాగా బయల్దేరిన కుటుంబాలు చెకిన్ కౌంటర్ దగ్గర ఆగిపోయాయి. ఇది ఎవరి నిర్లక్ష్యం అంటారు?

సరే, స్టాంప్‌కి ఎంత టైమ్ పడుతుంది? 2022లో యూరోస్టార్ (లండన్ నుంచి సముద్రం కింది సొరంగం గుండా పారిస్ వెళ్లే రైలు) సంస్థ అప్పటి సీఈఓ బ్రిటిష్ పార్లమెంటు రవాణా కమిటీకి రాసిన లేఖలో, ఒక్కో ప్రయాణికుడికి కనీసం 15 సెకన్లు అదనంగా పడుతోందని చెప్పారు. పదిహేను సెకన్లే కదా అనిపిస్తుంది. 50 మంది ఉన్న కోచ్‌ని తీసుకోండి, ఒకే బూత్ దగ్గర అది పన్నెండున్నర నిమిషాలు. అలాంటి కోచ్‌లు పది వరసగా వస్తే రెండు గంటలు దాటింది, ఎవరూ తప్పు చేయకపోయినా, అన్ని బూత్‌లలో సిబ్బంది ఉన్నా. రద్దీ వేళల్లో కొవిడ్‌కి ముందు దాటించినంతమందిని ఇప్పుడు దాటించలేకపోతున్నామని, దాదాపు 30 శాతం తగ్గిందని అదే లేఖలో ఉంది. 2020 మార్చిలో కొవిడ్ వల్ల ఆగిన ఎబ్స్‌ఫ్లీట్, ఆష్‌ఫర్డ్ స్టేషన్లు యూరోస్టార్‌కి మళ్లీ తెరుచుకోకపోవడానికి ఇదీ ఒక కారణమే. ఉన్న సిబ్బందిని లండన్ సెయింట్ పాంక్రాస్‌లోనే పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ స్టేషన్లున్న కెంట్‌లో ఇంటి పక్కనే రైలెక్కి పారిస్ వెళ్లే వెసులుబాటు ఉన్నవాళ్లు ఇప్పుడు ముందు లండన్ వెళ్లి రైలెక్కుతున్నారు.

డోవర్ పరిస్థితి ఇంకా ఇరుకు. ఫెర్రీలు బయల్దేరే ఈస్టర్న్ డాక్స్‌కి ఒక పక్క తెల్ల సుద్దకొండలు, ఇంకో పక్క సముద్రం. మధ్యలో ఉన్న ఆ కాస్త చోటులోనే టికెట్ చెకింగ్, లారీలు, కార్లు, కోచ్‌లు, వాటితోపాటు ఫ్రెంచ్ పోలీసుల బూత్‌లు. ఫ్రెంచ్ పోలీసులు ఇంగ్లండ్ నేల మీద ఎందుకున్నారంటే, 2003లో రెండు దేశాలూ లె టుకే ఒప్పందం చేసుకుని సముద్ర రేవుల్లో ఎవరి తనిఖీ అవతలి గట్టున వాళ్లు చేసేలా ఏర్పాటు చేసుకున్నాయి. డోవర్‌లో ఫ్రెంచ్ వాళ్లు, ఫ్రాన్స్ రేవు కలేలో బ్రిటిష్ వాళ్లు. అక్రమంగా వచ్చేవాళ్లని ఫ్రాన్స్‌లోనే ఆపవచ్చు కాబట్టి ఈ ఏర్పాటు బ్రిటన్‌కి చాలా ఇష్టం. కానీ దీనివల్లే, ఫ్రాన్స్ తనిఖీకి పట్టే అదనపు టైమ్ అంతా ఇంగ్లండ్ రోడ్ల మీద క్యూగా పేరుకుపోతుంది.

ఇదంతా ముందే తెలియదా అంటే, బాగా తెలుసు. ఫ్రెంచ్ బూత్‌ల సంఖ్య రెట్టింపు చేయడానికి సుమారు 3 కోట్ల 30 లక్షల పౌండ్లు కావాలని డోవర్ పోర్టు 2020లో ప్రభుత్వాన్ని అడిగింది. వచ్చింది ఎంతో తెలుసా? 33 వేల పౌండ్లు. అడిగినదాంట్లో వెయ్యో వంతు. బ్రెగ్జిట్‌కి ఓటేసినవాళ్లని నేను తప్పుపట్టను. మా చట్టాలు మేమే చేసుకోవాలి, మా సరిహద్దు మా చేతిలో ఉండాలి అనుకోవడం ఏ దేశ ప్రజల హక్కైనా. కానీ ఆ నిర్ణయాన్ని అమలు చేసే బాధ్యత తీసుకున్న ప్రభుత్వం, దానివల్ల సరిహద్దులో పెరిగే పనికి చోటు, బూత్‌లు సమకూర్చాలి కదా. అది చేయకుండా తర్వాత ఆశ్చర్యపోయినట్టు మాట్లాడటం మోసం.

అలాగే మాట్లాడారు మరి. 2022 జులై 22న పోర్టు అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు అప్పటి విదేశాంగ మంత్రి లిజ్ ట్రస్ ఫ్రాన్స్ సరిపడా సిబ్బందిని పెట్టలేదని విరుచుకుపడ్డారు. ఆరోజు ఉదయం సిబ్బంది సమయానికి రాని మాట వాస్తవమే, దాన్ని దాచాల్సిన పనిలేదు. కానీ బ్రెగ్జిట్‌కి ఫ్రాన్స్ బాధ్యత వహించదు కదా అని ఫ్రెంచ్ రవాణా మంత్రి క్లెమాఁ బోన్ ఇచ్చిన జవాబులోనూ నిజం ఉంది. మొదట ఫ్రాన్స్ మీద కోప్పడ్డ పోర్టు అధిపతి కూడా బ్రెగ్జిట్ తర్వాత తనిఖీకి ఎక్కువ సమయం పడుతోందని తర్వాత ఒప్పుకున్నారు. 2023 ఈస్టర్‌కి ముందు వారాంతంలో కోచ్‌లలో జనం, స్కూల్ టూర్‌కి బయల్దేరిన పిల్లలతో సహా, కొందరు 12 గంటలకి పైగా ఇరుక్కుపోయారు. అప్పుడు హోం మంత్రిగా ఉన్న సుయెల్లా బ్రేవర్‌మన్ దీన్ని బ్రెగ్జిట్‌కి అంటగట్టడం సరికాదన్నారు. వాతావరణం బాగాలేక ఫెర్రీలు ఆలస్యమైన సంగతి నిజం. వాతావరణం 2015లోనూ పాడైంది, కానీ అప్పుడు కోచ్‌లోని ఒక్కొక్కరి పాస్‌పోర్టు మీద స్టాంప్ కొట్టాల్సిన పని లేదు.

ఇక మనవాళ్ల సంగతి. ఇండియన్ పాస్‌పోర్టుతో బ్రిటన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాళ్లకి స్టాంపులు, ప్రశ్నలు, షెంజెన్ వీసా టెన్షన్ ముందు నుంచీ ఉన్నవే. గట్టిగా దెబ్బ తిన్నది సగం సగం పాస్‌పోర్టులున్న ఇళ్లు. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి, ఊళ్లో ఆస్తులనో అమ్మానాన్నల కోసమనో ఒకరు ఇండియన్ పాస్‌పోర్టు అట్టేపెట్టుకుని, ఇంకొకరు, పిల్లలు బ్రిటిష్ తీసుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. బ్రిటన్ ఈయూలో ఉన్నప్పుడు, భర్తతో కలిసి పారిస్ వెళ్లే ఇండియన్ భార్యకి 2004 నాటి ఈయూ నిబంధన ప్రకారం వీసా ఫీజు లేకుండా, త్వరగా ఇవ్వాల్సి ఉండేది, ఈయూ పౌరుడి కుటుంబ సభ్యురాలు కాబట్టి. ఇప్పుడు ఆ హక్కు లేదు. 2024 జూన్ నుంచి 90 యూరోలైన ఫీజు, దానిపైన వీసా సెంటర్ వాళ్ల సర్వీస్ చార్జీ, స్లాట్ కోసం రాత్రిళ్లు వెబ్‌సైట్ రిఫ్రెష్ చేస్తూ కూర్చోవడం. ఈ నష్టం గురించి ఏ మంత్రీ మాట్లాడగా నేను వినలేదు.

స్టాంపుల స్థానంలో ఈయూ ఇప్పుడు ఈఈఎస్ (ఎంట్రీ/ఎగ్జిట్ సిస్టమ్) అనే కంప్యూటర్ వ్యవస్థ తెచ్చింది. 2025 అక్టోబర్ 12న దశలవారీగా మొదలైంది. మొదటిసారి వెళ్లేటప్పుడు వేలిముద్రలు, ముఖం ఫొటో ఇవ్వాలి, పన్నెండేళ్ల లోపు పిల్లలకి వేలిముద్రలు అక్కర్లేదు. ఇది బ్రిటన్ మీద కక్ష అని రాసేవాళ్లున్నారు. దీని చట్టం 2017లో అయింది, అప్పటికి బ్రిటన్ ఇంకా సభ్యదేశమే. బయటి దేశాల వాళ్లందరికీ పెట్టిన రూల్, బ్రిటన్ తనంతట తాను ఆ జాబితాలోకి నడిచి వెళ్లింది. ఎయిర్‌పోర్టులో అయితే మనిషి నడుచుకుంటూ కౌంటర్‌కి వెళ్తాడు. డోవర్‌లో రాత్రిపూట, వానలో, కారులో కూర్చున్న ఐదుగురి వేలిముద్రలు ఎక్కడ తీసుకోవాలి? కోచ్‌ల కోసం పోర్టు కాస్త దూరంలోని వెస్టర్న్ డాక్స్‌లో చోటు చూసుకుంది. డోవర్, యూరోటన్నెల్ (కార్లని సొరంగం గుండా రైల్లో దాటించే సంస్థ), యూరోస్టార్ మూడింటికీ కలిపి ప్రభుత్వం కోటీ 5 లక్షల పౌండ్లు ఇచ్చింది. 2020లో అడిగిన దాంట్లో అది మూడో వంతు కూడా కాదు.

అలాగని దారి లేక కాదు. 2025 మేలో లండన్‌లో జరిగిన బ్రిటన్-ఈయూ శిఖరాగ్ర సమావేశంలో, బ్రిటిష్ పౌరులు ఈ-గేట్లు (పాస్‌పోర్టుని తమంతట తామే చదివి తెరుచుకునే గేట్లు) వాడటానికి చట్టపరంగా అడ్డేమీ లేదని రెండు వైపులా ఒప్పుకున్నారు. గేట్లు తెరవాలా వద్దా అన్నది ఒక్కో దేశం ఇష్టం, అంటే లండన్ ఒక్కో రాజధానితో కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ తర్వాతి నెలలోనే జిబ్రాల్టర్ (స్పెయిన్‌ని ఆనుకుని ఉన్న బ్రిటిష్ ప్రాంతం) విషయంలో ఇంకా పెద్ద అడుగు పడింది. రోజూ దాదాపు 15 వేల మంది దాటే ఆ సరిహద్దులో తనిఖీలు తీసేసి, వాటిని జిబ్రాల్టర్ ఎయిర్‌పోర్టుకీ పోర్టుకీ మార్చడానికి, అక్కడ స్పానిష్ అధికారులు కూడా పాస్‌పోర్టులు చూడటానికి బ్రిటన్ రాజకీయంగా ఒప్పుకుంది. ఆ సరిహద్దు కంచె దగ్గర సమస్య బ్రెగ్జిట్‌తో ముదిరిందని అక్కడ ఎవరూ దాచలేదు, అందుకే బేరం కుదిరింది. డోవర్ విషయంలో లండన్ ఇంకా ఆ మొదటి మాటే ఒప్పుకోవట్లేదు, ఒప్పుకోకపోతే పారిస్‌తో ఏమని బేరమాడతారు?