ట్రాన్స్‌క్రిప్ట్ గారికి ఒక విన్నపం

నా సబ్జెక్టులు, మార్కులు, క్రెడిట్లు మోసే పట్టిక, మహారాజశ్రీ ట్రాన్స్‌క్రిప్ట్ గారి సముఖమునకు,

ఆగిపోయిన డిగ్రీ పూర్తిచేసి పీజీకి దరఖాస్తు పెట్టుకుందామని తిరిగి వచ్చిన విద్యార్థి నమస్కరించి రాసుకునేది. ఈ మధ్యాహ్నమంతా పరీక్షల విభాగం కిటికీ ముందు నిలబెట్టి, చివరికి తమ రెండో పేజీలో గణాంకశాస్త్రం పక్కన పెన్సిలుతో ‘చెల్లదు’ అని రాయించి పంపినందుకు ధన్యవాదాలు. సిలబస్ మారిందట; మంచి మార్కులతో గట్టెక్కిన ఆ సబ్జెక్టు క్రెడిట్లకు, అంటే డిగ్రీ ఖాతాలో జమయ్యే చదువు లెక్కకు, గడువు తీరిందట. అంకెలు సగటుకు ఎంత దూరంగా చెదిరాయో చెప్పే కొలతకు 1894 నాటి వ్యాసంలో గణాంకవేత్త కార్ల్ పియర్సన్ ప్రామాణిక విచలనమని పేరు పెట్టారు; అది ఇన్నాళ్లూ నిక్షేపంగా ఉండి, సరిగ్గా నేను చదువు ఆపిన తరువాతే పాతబడటం నా జాతక విశేషం కాబోలు.

పోనీ, పాతది పాతదే అనుకుందాం. అదే సెమిస్టరులో, దానికి రెండు వరుసల కిందనే ఉన్న భౌతికశాస్త్రం సిలబస్ కూడా మారింది, దాని క్రెడిట్లూ చెల్లవన్నారు. అయినా అందులో వచ్చిన అత్తెసరు మార్కు మాత్రం నా సగటును కిందికి లాగుతూ చిరంజీవిగా ఎలా వర్ధిల్లుతోందో సెలవిస్తారా? జమలు చెరిపేసి అప్పులు మాత్రమే నిలబెట్టే వడ్డీ వ్యాపారి ఖాతా పుస్తకం కూడా తమను చూసి సిగ్గుపడుతుంది. పైగా ఆ సగటు కట్టడానికి వాడుతున్నది, నాకు చెల్లదన్న ఆ గణాంకశాస్త్రమే!

యూరప్ పద్ధతిలో ఒక్క క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల చదువు, మొదటి డిగ్రీకి 180 నుంచి 240 క్రెడిట్లు. ఇంత నిక్కచ్చిగా గంటలు కొలిచే లోకంలో, రద్దయిన క్రెడిట్ల తాలూకు గంటలు ఎవరి ఖాతాలోకి వెళతాయో చెప్పే నాథుడు లేడు.

గణాంకశాస్త్రం మళ్లీ చదవాలంటే కొత్తగా పుట్టుకొచ్చిన మరో కోర్సు ముందుగా పాసవ్వాలట. సిఫారసు లేఖలు ఇవ్వవలసిన ఆచార్యుల్లో ఒకరు పదవీ విరమణ చేశారు, మరొకరికి నా ముఖం గుర్తులేదు. వారిని నేనేమీ అనను.

పీజీ ప్రవేశాల వారు, చదివిన ప్రతి కళాశాల నుంచీ తమరినే రప్పించుకుంటారు. నన్ను చూడకముందే తమరిని చూస్తారు. అందుకే మర్యాద పక్కనపెట్టి అడుగుతున్నాను. ఇది శుద్ధ అన్యాయం. చెల్లితే రెండూ చెల్లాలి, లేకపోతే రెండూ పోవాలి. ఆ భౌతికశాస్త్రం మార్కును నా సగటులోంచి తీసేయండి, లేదా నా గణాంకశాస్త్రం నాకు ఇచ్చేయండి.

ఇట్లు,
మార్కుల లెక్కలో పాత, క్రెడిట్ల లెక్కలో కొత్త విద్యార్థి