పాలకొండలు చూస్తూ ఎర్రగడ్డలు మోసే సైకిలు

కడపలో పాలు, కూరగాయలు, పిల్లల ట్యూషను పనుల మీద తిరిగే మనిషి రోజుకు ఎన్ని శిఖరాలు ఎక్కాల్సి వస్తోందో పాలకులు ఇంతవరకూ ఒక సర్వే కూడా చేయించలేదు. ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల స్పీడు బ్రేకర్లను శిఖరాలుగా ఒప్పుకుంటే లెక్క బాగానే తేలుతుంది. ఒప్పుకోకపోతే బుగ్గవంక వంతెన ఎక్కేటప్పుడు తగిలే కాస్త మిట్టతో సరిపెట్టుకోవాలి. ఆ మిట్టను జయించడానికే కదా జనం ఎనిమిది నుంచి పన్నెండు వేలు పోసి గేర్ల కొండ సైకిలు కొంటున్నది! 21 గేర్లు, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, ముందు స్ప్రింగుల ఫోర్కు, రెండంగుళాలు దాటిన గుబ్బల టైర్లు. అంతా ఆ మిట్ట కోసమే.

నిజమైన కొండలు లేవని కాదు. ఊరికి దక్షిణాన పాలకొండలున్నాయి. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది, అక్కడైతే ఈ గేర్లకు చేతినిండా పని. కానీ గువ్వలచెరువుకు మనం పోయేది పాలకోవాకు, పాలకోవాకు పోయేది కారులో. కొండ సైకిలు ఇంటి ముందర కొండల దిక్కు హ్యాండిలు తిప్పుకుని, ఎర్రగడ్డల సంచి కోసం ఎదురు చూస్తుంటుంది.

ముందు గేర్ల సంగతి. కొన్నవాళ్లు చుట్టాలకు మొదట చెప్పేది ఆ అంకెనే కాబట్టి దానికి తగిన మర్యాద ఇవ్వాలి. ఈ ధరలో దొరికే సైకిళ్లకు ముందు మూడు పళ్ల చక్రాలు, ఎక్కువగా 42, 34, 24 పళ్లవి. వెనక ఫ్రీవీల్లో ఏడు, 14 నుంచి 28 పళ్ల దాకా. ఏడు మూళ్లు ఇరవై ఒకటి, ఎక్కంలో తప్పేమీ లేదు. అయితే చైను ముందు 42 మీద, వెనక 28 మీద ఉన్నప్పుడు పెడలు ఒక చుట్టు తిప్పితే చక్రం ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. ముందు 24, వెనక 16 మీద ఉన్నా సరిగ్గా ఒకటిన్నరే. 42-20కీ 34-16కీ ఉన్న తేడాను మోకాలు కనిపెట్టలేదు. ఇక పెద్దదాని మీంచి పెద్దదానికి, చిన్నదాని మీంచి చిన్నదానికి చైను వంకరగా సాగుతుంది గనక 42-28, 24-14 జోడీలు వాడకూడదు. వాడితే కరకరలాడుతుంది, పళ్లు త్వరగా అరుగుతాయి. కవలల్ని కలిపేసి, కూడనివి తీసేస్తే పనికొచ్చేవి పదో పన్నెండో. వాటిలో కడప రోడ్డు మీద వాడేవి రెండు.

ఇప్పుడు తాతల నాటి నల్ల సైకిలు దగ్గరికి రండి. చాలావాటికి ముందు 44 పళ్లు, వెనక 18. భాగిస్తే 2.44. కొండ సైకిల్లో చైను ముందు 34 మీద, వెనక 14 మీద వేస్తే 2.43. అంటే తాత ఏ గేరులో వేరుశనక్కాయల మూట మోశాడో ఆ గేరు ఈ ఇరవై ఒకటిలో ఒక మూల కూర్చునే ఉంది. మిగతా ఇరవై దానికి తోడు పెళ్లికొడుకులు.

ఈ వాహనం పుట్టుక తెలిస్తే గౌరవం ఇంకా పెరుగుతుంది. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు 1930, 40ల నాటి పాత బరువు సైకిళ్లను, పేపర్లు వేసే పిల్లలు తొక్కిన రకాన్ని, కొండపైకి చేర్చి మట్టిదారిలో కిందికి దూకించేవారు. 1976లో అక్కడ పందేలు మొదలయ్యాయి. పెడలు వెనక్కి తొక్కితే పడే చక్రం నడుమ హబ్బులోని బ్రేకు ఆ దిగుడుకు కాలిపోయి లోపలి గ్రీజు పొగై లేచేది. హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరితే తప్ప ఇంకో పరుగు లేదు, అందుకే ఆ దారికి 'రీప్యాక్', అంటే మళ్లీ కూరడం, అని పేరు పడింది. వాళ్లు ఊరి సైకిలును పట్టుకుపోయి కొండ సైకిలు చేశారు. మనం ఆ కొండ సైకిలును డబ్బిచ్చి తెచ్చుకుని, ఇంకొంచెం డబ్బిచ్చి ఊరి సైకిలు చేసుకుంటున్నాం.

ఈ మహాకార్యం డబ్బా విప్పడంతో మొదలవుతుంది. ఆన్‌లైన్లో వచ్చే సైకిలు 85 శాతం బిగించి ఉంటుందని రాస్తారు. ప్రాణాలు మిగతా 15 శాతంలో ఉంటాయి. పెడళ్ల మీద ఎల్, ఆర్ అక్షరాలు చూసి తీరాలి, ఎడమదానికి మర ఉల్టా. గుర్తు పెట్టుకోవడం సులువే: 15 నంబరు స్పానరును సైకిలు ముందు దిక్కుకు తిప్పితే రెండూ బిగుస్తాయి. బలవంతంగా తిప్పితే క్రాంకు (పెడలు బిగించే కడ్డీ) మర చెడి, నెల తిరక్కుండా నడిరోడ్డు మీద పెడలు ఊడొస్తుంది. ఫోర్కు సరిగా ఉందా అన్నది ఇంకో పరీక్ష. ముందు డిస్క్ కాలిపరు, అంటే డిస్కును నొక్కి ఆపే పట్టుకారు, ఫోర్కు ఎడమ కాలికి వెనకవైపు ఉండాలి. కుడిపక్కన ముందుకు కనిపిస్తోందంటే ఫోర్కు వెనక్కి తిరిగినట్టు. అలాంటి సైకిళ్లు ఊళ్లో గంభీరంగానే తిరుగుతున్నాయి. క్రాంకు బోల్టును వారం తొక్కాక మళ్లీ బిగించాలి. పాత సైకిలుకు క్రాంకును పట్టి ఉంచే కాటరు పిన్ను ఉండేది, వదులైతే సుత్తితో ఒక దెబ్బ, అంతటితో సరి. ఇక్కడ సుత్తి విద్య చెల్లదు. వదులుగా తొక్కుతూ పోతే క్రాంకులోని చదరపు బొక్క గుండ్రమై క్రాంకే మార్చాల్సొస్తుంది.

తర్వాత లేనివాటి జాబితా: మడ్‌గార్డు లేదు, క్యారియరు లేదు, చైను కవరు లేదు, కొన్నిటికి బెల్లూ లేదు. కొండ మీద బెల్లు ఎవరికి కొట్టాలి, ఎలుగుబంటికా? ఇవేవీ లేకుండానే బరువు 17, 18 కిలోలు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. మిగిలిన ఏడు శాతాన్ని మడ్‌గార్డులకు కేటాయించడమే న్యాయం. క్యారియరుతోనే అసలు తంటా. చాలా ఫ్రేములకు దాన్ని బిగించే కన్నాలు ఉండవు, ఉన్నా ఎడమవైపు వెనక డిస్క్ కాలిపరు అడ్డొస్తుంది. సీటు గొట్టానికి పట్టీతో బిగించే క్యారియరు అమ్ముతారు. అది తొమ్మిది పది కిలోల వరకు బుద్ధిగా ఉంటుంది. 25 కిలోల బియ్యం మూట పెడితే పక్కకు తిరిగి, మూటను ఎడమ చేతి వైపు ప్రజలకు చూపిస్తుంది. బరువు మోయాలంటే చక్రం ఇరుసు దాకా కాళ్లు దిగే రకమే కావాలి. కాలిపరు తప్పించడానికి క్యారియరు ఎడమకాలి దగ్గర పొడుగు బోల్టు వేసి, మధ్యలో రెండు మూడు వాషర్లో చిన్న గొట్టం ముక్కో పెట్టించాలి.

బ్రేకుల విషయంలో ప్రజలు ఎక్కువ మోసపోయేది తమ చేతులతోనే. డిస్క్ రాసుకుని కిర్రుమంటుంది. మనిషి పంక్చర్ షాపు ముందు ఆగుతాడు.

"శబ్దం వస్తాంది భాయ్."

"రెండు సుక్కలు ఆయిలేస్తే సరిపోతాది సార్."

వేస్తాడు. శబ్దం ఆగుతుంది. సైకిలు మాత్రం ఇక ఆగదు. నూనె పీల్చిన ప్యాడ్లు మళ్లీ మనుషులవడం కష్టం. రోటరును, అంటే చక్రంతో తిరిగే ఆ డిస్కు రేకును, స్పిరిటుతో తుడిచి, ప్యాడ్లు కొత్తవి వేసుకోవడమే. నిజానికి ఆ కిర్రుకు మందు నూనె కాదు, 5 ఎంఎం అలెన్ కీ. చవక డిస్క్ బ్రేకులో ఒక ప్యాడే కదులుతుంది, రెండోది గోడలా నిలబడి ఉంటుంది. కాలిపరు బోల్టులు రెండూ వదులు చేసి రోటరుకు సమానంగా సర్ది బిగించాలి. కదలని ప్యాడును చక్రం వైపున్న స్క్రూతో రోటరుకు విజిటింగ్ కార్డు మందం దూరంలో ఉంచాలి. ఇంత చేసినా రుద్దుకుంటే, పార్కింగులో ఎవరిదో పెడలు గుద్ది రోటరు వంగిందన్నమాట.

నూనె చైనుకు వేయాలి, అదీ లింకుకు ఒక చుక్క. పెడలు వెనక్కి తిప్పి, పైన మిగిలింది గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. వాడేసిన ఇంజన్ ఆయిలు పోసేవాళ్లూ ఉన్నారు. దాని మీద రోడ్డు దుమ్ము, బండల పాలిషు పొడి చేరితే చైను రోజూ తన పళ్లను తనే ఆకురాయితో రాస్తూ ఉంటుంది.

టైర్లకు గుబ్బలున్నాయి కాబట్టి ముళ్లు భయపడతాయని ఒక నమ్మకం. పల్లేరు కాయకు ఈ సంగతి తెలియదు. అది గుబ్బల సందుల్లోని పలచటి చోటే వెతుక్కుంటుంది. ట్యూబుకు ప్యాచి వేసి, టైరులో ముల్లు వదిలేసి గాలి కొట్టించుకున్నవాడు అరగంటలో మళ్లీ అదే షాపుకు వస్తాడు. షాపతను ఆప్యాయంగా పలకరిస్తాడు. టైరు లోపలంతా వేలితో నెమ్మదిగా తడిమి చూడాలి. పక్కపక్కనే రెండు బొక్కలుంటే ముల్లు కాదు, గాలి తక్కువై రిమ్ము కొరికింది. రిమ్ము వైపు బొక్క పడితే లోపలి రిమ్ము పట్టీ జరిగి ఊస మొన తగిలింది. ఈ ట్యూబులకు బైకు వాల్వే ఉంటుంది గనక పాత సైకిలు షాపు పంపు మూతి పట్టదు, కానీ బంకులో గాలి దొరుకుతుంది. కంప్రెసరుతో ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా ఆపి కొట్టించాలి. టైరు పక్కన గాలి ఒత్తిడి ఎక్కువగా 40 నుంచి 65 పీఎస్ఐ అని అచ్చు వేసి ఉంటుంది. సిమెంటు రోడ్డుకు పై అంకె దగ్గరగా ఉంటే తొక్కుడు తేలిక. గుబ్బలు అరిగాక, 26 అంగుళాల చక్రమైతే 26×1.75 నున్న టైర్లు వేయిస్తే ఇంకా తేలిక, జుయ్యిమనే ఆ జీపు శబ్దం పోతుందన్న బాధ తప్ప.

స్ప్రింగుల ఫోర్కు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. లేచి నిలబడి తొక్కితే బలంలో కొంత దానికి దక్షిణగా పోతుంది. పైన బిగించే గుండీ ఉంటే చివరిదాకా బిగించి మర్చిపోవడం మంచిది.

ఏడాది తిరిగేసరికి గేరు కేబులు తుప్పు పట్టి ఒక చోట బిగుసుకుంటుంది. కొత్తది వేయించినా ఆరు నెలలే. అప్పుడు తెలిసిన మిస్త్రీ వెనక గేరు కేబులే తీసి పారేస్తాడు. కేబులు లాగకపోతే డిరేలరు, అంటే చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే పరికరం, తన స్ప్రింగు బలంతో చైనును చిన్న పళ్లచక్రం మీదికి, అంటే 14 మీదికి తోసేసి, చైను వదులుగా వేలాడకుండా కూడా పట్టుకుంటుంది. అది బరువనిపిస్తే హెచ్ అని రాసిన స్క్రూను బిగిస్తూ పోతే చైను 16 మీదికి జరుగుతుంది. ముందు చైనును మధ్య చక్రం 34 మీద వదిలి, ముందు డిరేలరు రెండు స్క్రూలూ అక్కడే కదలకుండా సర్దుతాడు. 34, 14. మడ్‌గార్డులు, క్యారియరు, బెల్లు, నున్న టైర్లు, ఒకే గేరు. ఎర్రగడ్డల సంచి ఎక్కుతుంది.

హ్యాండిలు మీద గేర్లు మార్చే షిఫ్టరును మాత్రం ఇంట్లో పిల్లవాడు తీయనివ్వడు. దేనికీ తగిలించని ఆ షిఫ్టరును ఒకటి నుంచి ఏడు దాకా టకటకలాడిస్తూ బుగ్గవంక వంతెన ఎక్కుతాడు.