ఖాళీ పీరియడ్ ఇవ్వండి, యాప్ సంగతి తర్వాత

మన రాష్ట్రాల్లో కొత్త విద్యా పథకం ఏదైనా ట్రైనింగ్‌తో మొదలై యాప్‌తో ముగుస్తుంది. మధ్యలో జరగాల్సిన అసలు పని ఒకటుంది. తోటి టీచరు ఒకరు వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, పాఠమయ్యాక "ఆ కిటికీ పక్క పాపకి ఫలానా చోట పాఠం తెగిపోయింది, చూశారా?" అని చెప్పడం. అది మాత్రం జరగదు. కాగితం మీద ఉంటుంది. మెంటరింగ్, హ్యాండ్‌హోల్డింగ్, పీర్ లెర్నింగ్, మాటలకేం కరువు!

రెండో తరగతి తెలుగు పాఠం తీసుకోండి. బోర్డు మీద క గుణింతం రాసుంది. టీచరు చూపిస్తుంటే పాతికమంది ఒకే గొంతుతో "క కా కి కీ కు కూ" అని పైకప్పు ఎగిరిపోయేలా చదువుతున్నారు. బోర్డు దగ్గర నిలబడ్డవాళ్లకి క్లాసు భేషుగ్గా ఉంది. వెనక కూర్చున్నవాళ్లకి ఇంకోటి కనబడుతుంది. మూడో వరసలో పిల్లాడు బోర్డు చూడట్లేదు, పక్కవాడి పెదాలు చూస్తున్నాడు. పుస్తకంలో 'కొ' మీద వేలు పెట్టి ఇదేంట్రా అని అడిగితే, క దగ్గర్నుంచి లోలోపల పాడుకుంటూ వచ్చి, 'కె' దగ్గర తడబడి, 'కై' అంటాడు. వాడికి గుణింతం పాటలా నోటికొచ్చింది. ఒత్వం గుర్తు మాత్రం తెలీదు. ఏడాది తిరిగేసరికి వాడు మూడో తరగతిలో ఉంటాడు, "తెలుగు చదవడం రాదు" అనే లెక్కలో ఒక అంకె అవుతాడు.

ఆ టీచరు చేతగాక ఇలా అవడం లేదు. ఒక చేత్తో రెండు తరగతులు, మరో చేత్తో మధ్యాహ్న భోజనం లెక్క చూసుకునే మనిషికి పక్కవాడి పెదాలు చూసే పిల్లాడు కనబడడు. ఐదు రోజుల ట్రైనింగ్ కూడా వాణ్ణి చూపించలేదు, ఆ హాల్లో వాడు ఉండడు కదా.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. చుట్టుపక్కల బడుల్ని ఒక కాంప్లెక్సుగా కలపమని 1964–66 నాటి కొఠారీ కమిషనే చెప్పింది. ఏ బడికా బడి, ఏ టీచరుకా టీచరు ఒంటరిగా కొట్టుకోకూడదన్నదే ఉద్దేశం. 1980ల్లో బ్రిటన్ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన ప్రాథమిక విద్యా ప్రాజెక్టు ఏపీపెప్ టీచర్ సెంటర్లు పెట్టింది. పిల్లలు చేసి నేర్చుకోవడం, గ్రూపు పని, చుట్టూ దొరికే వాటితో బోధన వంటి ఆరు సూత్రాలు పెట్టుకుని, టీచర్లు ఒకచోట కూడి సామగ్రి తయారు చేసుకునేవారు. ఇప్పటి కాంప్లెక్స్ మీటింగ్ ఆ వంశంలోదే. వారసత్వం ఎలా నిలబెట్టామో మీకు తెలుసు: సర్క్యులర్లు చదవడం, యూడైస్ (బడుల వివరాల డేటా) తప్పులు సరిచేయడం, ఓ మోడల్ లెసన్, గ్రూప్ ఫోటో, టీ. ఆ మోడల్ లెసన్ పెళ్లిచూపుల పాఠం. ఆ పాఠం అప్పటికే వచ్చేసిన పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి చెప్పే పాఠం చూసి ఎవరూ ఏమీ నేర్చుకోరు, బాగుందని చప్పట్లు కొడతారు.

ఇక ట్రైనింగ్ సంగతి. రాష్ట్రం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి టీచరుకి చేరేసరికి మాట మూడు గొంతులు మారుతుంది. పైన రెండు గంటల సాధన కింద ఇరవై స్లైడ్లు అవుతుంది. 2019లో కేంద్రం నిష్ఠ అనే టీచర్ల శిక్షణ మొదలుపెట్టింది, తర్వాత అది దీక్ష అనే ఆన్‌లైన్ పోర్టల్లోకి వెళ్లింది. జాతీయ విద్యా విధానం 2020 టీచరుకి ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. ఆ గంటలు ఎలా నిండుతున్నాయి? వంట చేసుకుంటుంటే పక్కన వీడియో నడుస్తుంటుంది, చివర్లో క్విజ్, జవాబులు అప్పటికే గ్రూపులో తిరుగుతుంటాయి. టీచర్లని తప్పుబట్టి లాభం లేదు, సర్టిఫికెట్ అడిగితే సర్టిఫికెట్టే వస్తుంది.

ట్రైనింగ్‌కీ, తరగతి గదిలో కూర్చుని చూసి టీచరుకి సాయం చేసే కోచింగ్‌కీ తేడా కొలిచినవాళ్లున్నారు. దక్షిణాఫ్రికాలో నార్త్ వెస్ట్ ప్రావిన్స్‌లో 2015–16లో సెట్స్వానా చదవడం నేర్పే బళ్లలో పరీక్షించి చూశారు. మనకి తెలుగెలాగో అక్కడి పిల్లలకి ఆ భాష అలా. పాఠ్య ప్రణాళికలు, పుస్తకాలు ఒకటే. ఓ 50 బళ్ల టీచర్లని హాలుకి పిలిచి ట్రైనింగ్ ఇచ్చారు, ఇంకో 50 బళ్లకి కోచ్‌లే వెళ్లి క్లాసులో కూర్చున్నారు. రెండేళ్ల తర్వాత కోచ్ వెళ్లిన బడి పిల్లలు మామూలు బడుల కంటే దాదాపు 40 శాతం విద్యా సంవత్సరమంత ముందున్నారు. హాలు ట్రైనింగ్ దాంట్లో సగం కూడా ఇవ్వలేదు. అయితే వాళ్లు జీతానికి పెట్టుకున్న ప్రత్యేక కోచ్‌లు, తోటి టీచర్లు కారు. ఇంకో మాట కూడా దాచకూడదు. అమెరికా పరిశోధకుడు మాథ్యూ క్రాఫ్ట్ బృందం 2018లో 60 అధ్యయనాలు కలిపి చూస్తే కోచింగ్ వల్ల బోధన, చదువు రెండూ మెరుగుపడ్డాయి కానీ, పథకం పెద్దదైన కొద్దీ ఫలితం పలచబడింది. కాబట్టి "రాష్ట్రవ్యాప్తంగా ఒకేరోజు ప్రారంభం" అని ఫ్లెక్సీ కట్టినరోజే సగం నీళ్లు కలిసినట్టు.

ఢిల్లీలో 2016లో ప్రభుత్వ టీచర్లలోంచే 200 మందిని మెంటర్ టీచర్లుగా తీసుకున్నారు. ఒక్కొక్కరికీ ఐదారు బళ్లు. అక్కడ పట్టుకోవాల్సిన విషయం ఒకటే, వాళ్లకి సొంత క్లాసుల బరువు తీసేశారు. కెన్యాలో 2015లో జాతీయ స్థాయికి వెళ్లిన టుసోమె పఠన కార్యక్రమంలో బడులకి తిరిగే ప్రభుత్వ సిబ్బందికి ట్యాబులిచ్చారు, ఎన్ని బళ్లకి వెళ్తే అంత దారి ఖర్చిచ్చారు. ఒకచోట సమయం కొన్నారు, ఇంకోచోట ప్రయాణం కొన్నారు. మనం ఏం కొంటున్నాం? ఫ్లెక్సీలు, మాడ్యూళ్లు, భోజనాలు.

ఇంతకీ ఆ పని ఎలా చేయాలి? చెప్పుకుంటే చిన్నదే, చేస్తే తెలుస్తుంది.

ముందు పది నిమిషాలు మాట్లాడుకోవాలి. ఏం చూడాలో చెప్పాల్సింది పాఠం చెప్పే టీచరే. "నా క్లాసు ఎలా ఉందో చూడండి" అంటే కుదరదు. "వెనక రెండు వరసలు నిజంగా చదువుతున్నాయా, గొంతు కలుపుతున్నాయా?" ఇలా ఒక్కటే ప్రశ్న, లెక్కపెట్టడానికి వీలైనది. తర్వాత అరగంట పాఠం. చూసేవాళ్ల చేతిలో మామూలు నోట్‌బుక్, అందులో పిల్లలు కూర్చున్న తీరు గళ్లుగా గీసుకోవాలి. పేరు పెట్టి ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఆ గడిలో గీత, పిల్లలు సొంతంగా చదివితే చుక్క. నిమిషాలు మార్జిన్‌లో. "బాగుంది", "బాగాలేదు" అనే మాటలు ఆ పేజీలో రాయకూడదు. నోరు మూసుకోవాలి కూడా. చాలామంది సీనియర్లకి ఇదే కష్టం, పదో నిమిషంలో లేచి "బాబూ, ఇలా చదవాలి" అని క్లాసు లాగేసుకుంటారు. అక్కడితో కోచింగ్ అయిపోయింది, డెమో మొదలైంది.

పాఠమయ్యాక ఇరవై నిమిషాలు, ఆ రోజే. వారం తర్వాత మాట్లాడుకుంటే ఇద్దరికీ ఏమీ గుర్తుండదు. ఇక్కడ మన మర్యాదే మనకి అడ్డం. "చాలా బాగా చెప్పారు మేడం, టీఎల్ఎం (బోధన సామగ్రి) ఇంకొంచెం వాడితే బాగుండేది" అంటే ఇద్దరూ టీ తాగి విడిపోవచ్చు. దాని బదులు పేజీ తిప్పి చూపించాలి: "మేడం, మీరు 31 ప్రశ్నలడిగారు. 26 క్లాసు మొత్తాన్నీ కలిపి. పేరు పెట్టి అడిగినవి ఐదు, ఐదూ ముందు వరసకే పోయాయి." అని ఊరుకోవాలి. కాసేపు నిశ్శబ్దం. ఆమే అంటుంది, "వెనకవాళ్లు చెప్పలేకపోతే పాఠం ఆగిపోతుందని అడగనండి." అసలు సంగతి అక్కడ బయటపడింది. ఇప్పుడు మార్పు ఒక్కటే ఎంచుకోవాలి. గుణింతం చదివించాక వరస తప్పించి రాసిన ఆరు కార్డులు, రోజుకి నలుగురు పిల్లలు, ఒక్కొక్కరికీ అర నిమిషం. జవాబు కోసం మనసులో మూడంకెలు లెక్కపెట్టి ఆగడం. నెల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు చూసేది అదొక్కటే. మూడు మార్పులు పెట్టుకుంటే ఒక్కటీ జరగదు. తర్వాత వంతు మారాలి, ఈసారి చూసినాయన క్లాసులో ఈ మేడం కూర్చోవాలి. వంతు మారకపోతే అది తోడు కాదు, తనిఖీయే.

జతలు వేయడంలోనే సగం పథకాలు చెడిపోతాయి. హెచ్‌ఎంని అదే బడి ఎస్జీటీతో (సెకండరీ గ్రేడ్ టీచరుతో) కలపకూడదు, సెలవు సంతకం పెట్టే చెయ్యి ముందు ఎవరూ తమ తప్పు ఒప్పుకోరు. ఒకే ఉపాధ్యాయ సంఘంలో వేర్వేరు వర్గాల నాయకుల్ని కలిపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. హైస్కూల్లో సబ్జెక్టు వేరైనా పర్లేదు, ప్రశ్నలు ఎవరికి వెళ్తున్నాయో చూడటానికి లెక్కల మాస్టారికి జీవశాస్త్రం రానక్కర్లేదు. కానీ భిన్నాలు ఎందుకు తప్పుతున్నారో తేలాలంటే లెక్కల మనిషే కూర్చోవాలి. జత దొరకనప్పుడు ఫోన్లో పది నిమిషాల వీడియో పనికొస్తుంది, ఫ్యాను కింద మాత్రం పెట్టకండి, గాలి హోరు తప్ప ఏమీ వినబడదు. ఆ వీడియో ఇద్దరూ చూసుకుని చెరిపేయాలి. గ్రూపులోకి వెళ్లిందంటే ఆ క్లస్టర్లో, అంటే ఆ చుట్టుపక్కల బళ్ల గుంపులో, ఇంకెవరూ తలుపు తెరవరు.

ఇప్పుడు అసలు గొడవ, ఆ పేజీ ఎవరిది? ఆంధ్రప్రదేశ్‌లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పుతో మొదలైన సాల్ట్ అనే బడి చదువుల ప్రాజెక్టుతో పాటు టీచ్ టూల్ వచ్చింది. పదిహేనేసి నిమిషాలు రెండుసార్లు క్లాసు చూసి, అంశాల వారీగా స్కోరు వేసే కొలబద్ద అది. ఒక వ్యవస్థలో బోధన ఎలా ఉందో సగటున తెలుసుకోవడానికి కొలబద్ద ఉండాల్సిందే, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ బ్యాంకే కొలిచేదానికి టీచ్, టీచరుకి సాయపడేదానికి కోచ్ అని రెండు వేర్వేరు కార్యక్రమాలు పెట్టుకుంది. మనం రెండూ ఒకే ఫారంలో కుక్కేస్తాం. తోటి టీచరు చేతికి స్కోరు షీటిచ్చి మధ్యాహ్నంలోగా అప్‌లోడ్ చేయమంటే రెండు జరుగుతాయి: అందరికీ మంచి స్కోర్లే పడతాయి, టీచరు పెళ్లిచూపుల పాఠం చెబుతారు. మూడో వరస పిల్లాడు మళ్లీ కనబడడు. యాప్‌లోకి వెళ్లాల్సింది తేదీ, రెండు బళ్ల పేర్లు, జరిగింది లేదా జరగలేదు, అంతే. నోట్‌బుక్ పాఠం చెప్పిన టీచరు దగ్గరే ఉండాలి. ఎంఈవో (మండల విద్యాధికారి) గారు అడిగినా ఇవ్వనక్కర్లేదని సర్క్యులర్లోనే ఒక లైను రాసివ్వాలి. అది లేకుండా సంఘాలు వద్దంటే తప్పు సంఘాలది కాదు.

"ఇద్దరే టీచర్లున్న బళ్లో ఒకరు వెళ్లిపోతే పిల్లల్నెవరు చూస్తారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న, ఏకోపాధ్యాయ బళ్లకైతే మరీను. జవాబు మన దగ్గరే ఉంది. కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున పెట్టుకునే సమగ్ర శిక్ష పథకం డబ్బుతో తెలంగాణలో సీఆర్పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు), ఆంధ్రలో సీఆర్ఎంటీలు ఉన్నారు. క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచర్ అని పేరులోనే టీచరు ఉంది. వాళ్ల చేత చేయించేది డేటా, పుస్తకాల పంపిణీ, ఎవరో సెలవు పెడితే ఆ బడికి పరుగు. తక్కువ జీతానికి ఊడిగం చేయించుకుంటూ, పైగా మెంటర్లవ్వమంటాం. వాళ్లని మెంటర్లు చేయకండి. టీచరు పక్క బడికి వెళ్లిన పూట ఆ క్లాసులో నిలబడమనండి, చాలు.

లెక్క వేద్దాం. పది ప్రాథమిక బళ్లు, ఇరవై మంది టీచర్లు, పది జతలు. నెలకి ఒక్కొక్కరు ఒక్కసారి వెళ్తే ఇరవై పూటలు, అంటే పది రోజులు. ఒక్క సీఆర్ఎంటీ నెలలో సగం కన్నా తక్కువ రోజుల్లో క్లస్టర్ మొత్తానికీ సరిపోతారు. జులై నుంచి ఫిబ్రవరి దాకా ఎనిమిది నెలలు నడిస్తే టీచరుకి చూసినవి ఎనిమిది, చూపించినవి ఎనిమిది, ఒక్కోటి గంట. జాతీయ విధానం అడిగే ఆ 50 గంటల్లో 16 గంటలు వీటిని రాసుకోనివ్వండి, వీడియోలు ఆ మేరకు తగ్గించండి.

దారి ఖర్చు సంగతీ చూడండి. బడికీ బడికీ ఆరు కిలోమీటర్లనుకుంటే రానూపోనూ పన్నెండు, ఇరవై ప్రయాణాలకి 240 కిలోమీటర్లు. లీటరుకి యాభై ఇచ్చే బండి మీద క్లస్టర్ మొత్తానికి నెలకి ఐదు లీటర్ల పెట్రోలు కూడా కాదు. ఈ పెట్రోలు బిల్లు ఏ పద్దు కింద పెట్టాలో ఎంఆర్సీలో (మండల రిసోర్స్ సెంటర్లో) అడిగి చూడండి.