మందం కొలిస్తే విసరణ గుణకం రాదు

“తగరం, బిస్మత్ ముక్కలను ఆనించి 139 డిగ్రీలు దాటించండి. మధ్యలో వచ్చిన ద్రవపొర మందం వర్గాన్ని రెట్టింపు కాలంతో భాగించండి, విసరణ గుణకం రెడీ. ఏ రెండు లోహాలకైనా పనిచేస్తుంది, ఏది పైనున్నా ఫర్వాలేదు, ఖరీదైన పరికరాలు అక్కర్లేదు.” గ్రూపులన్నీ తిరిగి మళ్లీ వచ్చింది ఈ మెసేజ్. విసరణ గుణకం అంటే పరమాణువులు ఒకదాంట్లోకి ఒకటి ఎంత వేగంగా చొరబడతాయో చెప్పే సంఖ్య. పంపేవాళ్లలో ఒక్కరూ ఫేజ్ డయాగ్రం (ఏ మిశ్రమం ఏ వేడికి కరుగుతుందో చూపే పటం) తెరిచినట్టు లేదు.

ఏ రెండైనా? రాగిని, నికెల్‌ను ఆనించి, రాగి కరిగే 1085 డిగ్రీల లోపు ఎంతసేపు ఉంచినా చుక్క ద్రవం రాదు. లిక్విడస్ గీతలో, అంటే ఏ పాళ్ల మిశ్రమం ఎంత వేడికి పూర్తిగా ద్రవమవుతుందో చూపే గీతలో, పల్లం ఉండాలి. అంతే.

అసలు కొంప ముంచేది ఆ లెక్క. పొర రెండు అంచులూ కదులుతుంటాయి. ఒక అంచున ద్రవంలో బిస్మత్ పాళ్లు పల్లానికి ఒకవైపున్న లిక్విడస్ గీత చెప్పినంత, రెండో అంచున మరోవైపు గీత చెప్పినంత. ఆ తేడాయే విసరణను నడుపుతుంది. ఆ పల్లం అడుగైన యూటెక్టిక్‌కు (ఇక్కడ 139 డిగ్రీలు) దగ్గరయ్యేకొద్దీ తేడా సున్నాకు పోతుంది, పొర పెరగడం ఆగినంత పనవుతుంది. పరమాణువులు మాత్రం ఎప్పటి వేగంతోనే తిరుగుతుంటాయి.

గుణకం సెకనుకు 2×10⁻⁹ చదరపు మీటర్లు అనుకుందాం, ద్రవ లోహాలకు మామూలే. మెసేజ్ ప్రకారం గంటలో 3.8 మిల్లీమీటర్ల పొర రావాలి. యూటెక్టిక్ కంటే ఒక్క డిగ్రీ పైన అంచుల మధ్య తేడా సుమారు 1 పరమాణు శాతమే. రెండు అంచుల దగ్గరా ద్రవ్య సమతుల్యం (కరిగిన లోహం ఎంతో, విసరణతో కదిలింది ఎంతో సరిచూసే లెక్క) రాసి చూస్తే పొర 0.8 మిల్లీమీటర్ కూడా దాటదు. దాన్నే ఆ సూత్రంలో వేస్తే గుణకం దాదాపు 25 రెట్లు తక్కువ! ఇంకో పది డిగ్రీలు పెంచితే “విసరణ అమాంతం పెరిగింది”. దాన్నుంచి యాక్టివేషన్ ఎనర్జీ (వేడితో విసరణ ఎంతగా పెరుగుతుందో చెప్పే విలువ) కూడా తీసి థీసిస్‌లో పెట్టుకోండి, శుభం.

ఇక పైనా కిందా. ఘన సెంటీమీటరుకు ద్రవ బిస్మత్ 10 గ్రాములు, ద్రవ తగరం 7. బిస్మత్ పైనుంటే బరువైన ద్రవం కిందికి జారి అంతా కలిసిపోతుంది, మందం కాలంతో పాటు సూటిగా పెరుగుతుంది. తగరమే పైనుండాలి, పైభాగం పిసరంత వేడిగా ఉండాలి, గొట్టం సన్నగా ఉండాలి. మందం వర్గం కాలంతో సరళరేఖగా వస్తేనే అది విసరణ. ఆ రేఖ సున్నా దగ్గర మొదలవకపోతే ఆక్సైడ్ పొర చేసిన ఆలస్యం. కాబట్టి ఒక్క ముక్క కొలిచి ఊరుకోకుండా వేర్వేరు కాలాల దగ్గర నీళ్లలో ముంచి చల్లార్చిన నమూనాలు తీసి, రేఖ వాలు వాడాలి. ముక్కలు ఆనుకుని ఉండాలని పైన బరువు ఎక్కువ పెడితే ద్రవం పక్కలకు పిండుకుపోతుంది.

పరికరాల మాట మాత్రం నిజమే. అర డిగ్రీ లోపు నిలిచే ఫర్నేస్, థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ), మైక్రోస్కోప్ చాలు. ముందే కరిగిన రెండు ద్రవాలను కలిపే పద్ధతుల్లో వచ్చే కుదుపు కూడా ఇందులో లేదు, ద్రవం అక్కడే పుడుతుంది కదా. ఆ అర డిగ్రీ తేడా లెక్కను మింగేయకుండా యూటెక్టిక్ పైన కనీసం 20 డిగ్రీలు వదిలి పని చేయండి. అప్పుడు వచ్చేది కూడా రెండు లోహాల పరస్పర విసరణ గుణకమే, తగరం ఒక్కదానిది కాదు.